దమ్ము మడిలో వాటర్ స్కీయింగ్

ఈ వానాకాలంలో ఒక ఆదివారం సూర్యాపేట నుంచి నడిగూడెం, మా తల్లిగారింటికి వెళ్లాం. చెరువు నిండుగా ఉంది. తొమ్మిదేళ్ల మా చిన్ని కట్ట మీద నిలబడి, ఫోన్లో చూసిన వాటర్ స్కీయింగ్ ఇప్పుడే నేర్చుకుంటానని మొండికేసింది.

"బోటు ఏడ దొరుకుతదే? ట్రాక్టరున్నది, రా" అన్నాడు మా తమ్ముడు.

చెరువు కింద మా పొలంలో నాట్లకు దమ్ము చేసిన మడిని చదును చేస్తున్నాడు. ట్రాక్టర్ లాగే పలక మీద బరువుకోసం చిన్నప్పుడు మేమూ కూర్చునేవాళ్లం. చిన్ని మాత్రం తాడు పట్టుకుని నిలబడింది. ట్రాక్టర్ మెల్లగా కదిలింది. మడినీళ్ల నిండా మబ్బులు, వెనకాలే తెల్లకొంగలు. నా బిడ్డ ఆకాశం మీద జారిపోతున్నట్టుంది. వద్దని అరవడం కూడా మరిచిపోయాను.

మడి మూలన పలక ఎగిరిపడింది. చిన్ని కనిపించలేదు! బురదలో పడుతూ లేస్తూ పరుగెత్తాను. తమ్ముడు ట్రాక్టర్ ఆపి దూకాడు. బురద ముద్దలోంచి రెండు కళ్లు తెరుచుకున్నాయి.

"మామా, ఇంకోసారి!"

ఆ కంగారులో పలక కింది మట్టి అక్కడే కుప్పగా మిగిలిపోయింది. నిన్న తమ్ముడు ఫోన్లో పొలం చూపించాడు. అంతా పచ్చగా ఉంది, ఆ మూల ఒక్కటే మిట్టగా మిగిలి, నీళ్లు నిలవక వరి పలచబడింది.

"గీడనే పడ్డది అక్కా, నీ బిడ్డ."

చిన్ని ఫోన్ లాక్కుంది. "వచ్చే ఏడు గాడ నాటెయ్యకు మామా. అది నాది."