మెడ మీద పసుపు పట్టు

విజయవాడ బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దాయన మెడకి పసుపు, సున్నం కలిపిన పట్టు వేసి ఉంది. చేపల వేలంలో గొంతెత్తి ధర పలికించేవాడినని చెప్పారు. ఇప్పుడు ఆ గొంతులో గుసగుసే మిగిలింది. భార్య నీళ్ళకి వెళ్ళగానే నావైపు వంగారు.

"గొంతులో కేన్సరండీ, మెడలోకి పాకింది. కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేలా చూసే జన్యువు పనిచెయ్యడం మానేసిందంట. అందుకే విడిపోయి బయల్దేరాయంట. డాక్టరుగార్ని నేనే అడిగి తెలుసుకున్నా. ఇంట్లో మాత్రం నాకు తెలియకూడదని గవదబిళ్ళలంటున్నారు."

"మీకు తెలుసని ఆవిడతో చెప్పలేదా?"

"నా దగ్గర ఏదీ దాచని మనిషండీ. ఇదొక్కటే దాచింది, దాచిందనే అనుకోనీండి."

ఆవిడ తిరిగొచ్చి, "ఏం లేదండీ, గవదబిళ్ళలు" అని నాతో నవ్వి, ఆరిన పట్టు తడిపారు. ఆయన బుద్ధిగా మెడ చాచారు.

ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా "ఏం లేదులే" అంటే నా చెయ్యి మెడ మీదికి పోతుంది.