ఐదో కొన

నా చిన్నప్పుడు మా ఇల్లు రాయదుర్గం గుట్టల కింద ఉండేది. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడిన చోటనే అప్పట్లో మా నాయన బండలు కొట్టేవాడు. పొద్దంతా సుత్తి చప్పుడు, సాయంత్రానికి ఇంటినిండా రాతి దుమ్ము. డిసెంబరు రాగానే మా అమ్మ ఆ దుమ్మంతా దులిపి గోడలకు సున్నం వేసేది. క్రిస్మస్ అంటే మాకు ముందు సున్నం వాసన, ఆ తర్వాతే మిగతావన్నీ.

నాకు తొమ్మిదేళ్లు, మా చెల్లెకు నాలుగేళ్లు ఉన్న ఏడు మాత్రం గోడలకు సున్నం పడలేదు. అమ్మకు కడుపులో ఏదో జబ్బని, ఆపరేషన్ చేయాలని నాయన పట్నంలోని దవాఖానకు తీసుకుపోయాడు. మమ్మల్ని చూసుకోవడానికి మెదక్ వైపు నుంచి మా తాత వచ్చాడు. ఆయన అమ్మకు నాయన. మా నాయన రెండు రోజులకోసారి ఇంటికి వచ్చి, బట్టలు మార్చుకుని, తాత చెవిలో ఏదో చెప్పి మళ్లీ బస్సుకు పోయేవాడు.

చెల్లె లేచిన దగ్గర నుంచి పడుకునేదాకా ఒకటే అడిగేది. “అమ్మ ఎప్పుడొస్తది?” పక్కింటి అక్క “ఊరికి పోయింది బిడ్డా, నీకు గాజులు తెస్తది” అనేది. నాయన “జల్దీ వస్తది” అని ముఖం తిప్పుకునేవాడు. తాత ఒక్కడే ఏమీ చెప్పేవాడు కాదు. దాని తల నిమిరి ఊరుకునేవాడు. పిల్లను ఊరుకోబెట్టడం ఆయనకు చేతకాదనుకున్నాను నేను.

ఆ వారం తాత ఇంటి మీద కట్టడానికి నక్షత్రం చేస్తున్నాడు. వెదురు బద్దలు చీల్చి, ఐదు కొనలు వచ్చేలా తాళ్లతో బిగించి, దాని మీద పతంగుల కాగితం అతికించేవాడు. మైదాపిండి ఉడకబెట్టిన జిగురు చలికి తొందరగా ఆరదు. తడి మీద ఇంకో వైపు లాగితే కాగితం ముడతలు పడుతుంది. అందుకని రోజుకు ఒక్క కొనకే కాగితం. అది ఎండలో ఆరి, వేలితో మీటితే డోలులా మోగాలి. అప్పుడే రెండోదాని జోలికి పోయేవాడు.

చెల్లెను ఎత్తుకుని తిప్పే పని నాది. బయట నా ఈడు పిల్లలు గోలీలు ఆడుతుంటే నాకు కాళ్లు నిలిచేవి కావు. ఒక మధ్యాహ్నం అది నా అంగీ పట్టుకుని వదలకుండా అదే ప్రశ్న అడిగింది. నేను తాత ఆరబెట్టిన నక్షత్రం వైపు చెయ్యి చూపించాను.

“అగో, చూసినవా? తాత ఒక కొన అతికిచ్చిండు. ఇంక నాలుగు. ఐదో కొన అతికిచ్చిన రోజు అమ్మ వస్తది.”

“ఒట్టు?”

“ఒట్టు. ఇగ నన్ను ఇడువు.”

వదిలింది. నేను గోలీలాటకు పరుగెత్తాను. అందరూ దానికి అబద్ధమే చెప్పారు, నేనూ ఒకటి చెప్పాను, అంతే కదా అని చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ వాళ్ల అబద్ధానికి రోజు లేదు. నా అబద్ధానికి లెక్క ఉంది. నాలుగేళ్ల పిల్లకు ఐదు దాకా లెక్క వచ్చు.

ఆ రోజు నుంచి అది అమ్మ గురించి ఎవరినీ అడగలేదు. జిగురు గిన్నె మోసేది. కాగితం ఆరిందా లేదా అని ముక్కు ఆనించి చూసేది. “పిల్ల మంచిగ మర్లింది, అమ్మ కోసం ఏడుస్తలేదు” అని పక్కింటి అక్క మెచ్చుకుంది. తాతకు సంగతి తెలియదు. నాకు తెలుసు. రెండో కొన అయ్యింది, మూడోది అయ్యింది. నాలుగోది అతికించిన రోజు నేను గోలీలాటకు పోలేదు. అయినా నోరు విప్పలేదు. నాయన మొన్న వచ్చినప్పుడు అమ్మ రాదని చెప్పలేదు కదా, ఒకవేళ నిజంగానే అమ్మ వస్తుందేమో అని నాకు నేనే ఆశ చెప్పుకున్నాను. నా అబద్ధాన్ని దేవుడు నిజం చేస్తే బాగుండునని ప్రార్థన కూడా చేశాను.

ఐదో కొన క్రిస్మస్ ముందు రోజు పొద్దున పూర్తయింది. మధ్యాహ్నానికి చెల్లె కొత్త గౌను వేయమని పేచీ పెట్టింది. దవాఖానకు పోయే ముందు అమ్మ కుట్టి పెట్టిన గౌను అది, వచ్చే ఏడు కూడా పట్టాలని కింద జానెడు మడత వేసింది. అది వేసుకుని వాకిట్లో గడప మీద కూర్చుంది. తాత అన్నానికి పిలిస్తే రాలేదు. ఎండ గోడ దిగింది, గుట్ట ఎక్కింది. బండలు కొట్టేవాళ్లు ఇళ్లకు పోతున్నారు. చర్చికి పోయే పిల్లలు పిలిచారు, కదలలేదు. నేను తలుపు వెనక నిలబడి దాని వీపు చూస్తూ ఉన్నాను. ముందుకు వచ్చే ధైర్యం లేదు, అక్కడి నుంచి పారిపోయే దారీ లేదు.

పొద్దుగూకే వేళకు తాత నక్షత్రాన్ని వాకిట్లోకి తెచ్చి కర్రకు కట్టబోయాడు. చెల్లె లేచి ఆయన ముందు నిలబడింది.

“తాతా, ఐదు అయినయి గదా?”

“అయినయి బిడ్డా.”

“మరి అమ్మేది?”

తాతకు అర్థం కాలేదు. “అమ్మకూ దీనికీ ఏంది బిడ్డా?” అన్నాడు.

“ఐదయితే వస్తదని అన్న చెప్పిండు. ఒట్టేసిండు.”

ఆ మాట అంటూనే అది తన చిన్న పిడికిలితో ఐదో కొన మీద గుద్దింది. కాగితం ఫట్టుమని చిరిగి చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది. ఏడుపు ఆ తర్వాత మొదలయ్యింది.

నాకు దెబ్బలు తప్పవనుకున్నాను. తాత నక్షత్రాన్ని గోడకు ఆనించి, నన్ను తలుపు వెనక నుంచి పిలిచాడు.

“అమ్మ ఎప్పుడొస్తదో నీకు తెల్సారా?”

తల అడ్డంగా ఊపాను.

“నాకూ తెల్వదు,” అన్నాడు. తర్వాత చెల్లె వైపు తిరిగాడు. “ఇను బిడ్డా. మీ నాయినకూ తెల్వదు, డాక్టరమ్మ గూడ చెప్తలేదంట. ఇంట్ల ఉన్నది ముగ్గురం, ముగ్గురికీ తెల్వదు. తెల్వనోళ్లం ఒక్కతాన కూసుందాం, రా.”

ఆయన గడప మీద కూర్చుని దాన్ని ఒక పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నన్ను దానికి అవతలి పక్కన కూర్చోమన్నాడు. కాసేపటికి దాని ఏడుపు భరించలేక నేను లేవబోయాను. తాత దాని మీదుగా చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. బండరాయి లాంటి చెయ్యి. “లేవకు. ఆమె లేచేదాక నువ్వు లేవొద్దు” అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అదే ఇంకా కష్టంగా ఉండింది.

తల తిప్పి చూస్తే తాత తువ్వాలతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. దవాఖానలో పడుకున్న మా అమ్మ ఆయనకు బిడ్డ అన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. చెల్లె కూడా చూసింది. ఏడుపు ఆపి, తన గౌను అంచుతో ఆయన గడ్డం తుడిచింది. తర్వాత ఎప్పటికో అదే లేచి “తాతా, ఆకలైతుంది” అంది. అప్పుడు గానీ నా మణికట్టు వదల్లేదు ఆయన.

ఆ ఏడు మా ఇంటి మీద చిరిగిన నక్షత్రమే కట్టాడు తాత. ఆ కన్నంలోంచి గాలి దూరి లోపలి దీపం ఊగిసలాడేది. చర్చి నుంచి వచ్చినవాళ్లు “పెద్దాయనా, ఒక కాగితం ముక్క అతికియ్యరాదా?” అంటే, “అది మా మనుమరాలి కొన. అట్లనే ఉండనీయుండ్రి” అన్నాడు.

అమ్మ వచ్చింది. కొత్త సంవత్సరం వచ్చి చాలా రోజులయ్యాక, ఏ పండుగా లేని ఒక మధ్యాహ్నం, నాయన భుజం పట్టుకుని సగం మనిషై వచ్చింది. ముందు చూసింది నేనే. ఇంటి వెనక ఆడుకుంటున్న చెల్లె దగ్గరికి పరుగెత్తి “అమ్మ వచ్చింది” అన్నాను. అది కదలలేదు. నా ముఖం కూడా చూడలేదు. పక్కనే మంచం నులక బిగిస్తున్న తాత వైపు చూసింది. ఆయన వాకిట్లోకి తొంగి చూసి “నిజమే బిడ్డా” అన్నాక పరుగెత్తింది.

అంత చూసినవాడిని బుద్ధి తెచ్చుకోవాలి కదా. తెచ్చుకోలేదు. పెద్దయ్యాక హైటెక్ సిటీలో ఆఫీసుల ఉద్యోగులను చేరవేసే కార్లు నడిపాను, ఆ తర్వాత ఆ కార్లకే సూపర్‌వైజర్‌నయ్యాను. మా అబ్బాయి చర్చి నాటికలో గొల్లవాడి వేషం వేసిన రోజు మా ఆవిడ ఫోన్ చేసి వాడికి ఇచ్చింది. “దారిలో ఉన్నా రా, వచ్చేస్తున్నా” అన్నాను. అప్పుడు నేను టీ కొట్టు ముందు నిలబడి ఉన్నాను, ఇంకా మూడు బండ్లు పంపాల్సి ఉంది. వాడు గుమ్మం వైపే చూస్తూ చెప్పాల్సిన మాట మర్చిపోయాడని మా ఆవిడ తర్వాత చెప్పింది. కేకు కొనిచ్చి సరిచేశాననుకున్నాను. అలా ఒక్క క్రిస్మస్ కాదు, ఎన్నో. “దారిలో ఉన్నా” అనే మాట నాకు ఊపిరిలా అలవాటైపోయింది. మా తాత చెయ్యి ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

ఇప్పుడు మణికొండలో అబ్బాయి ఫ్లాటులోనే ఉంటున్నాను. వాడు సాఫ్ట్‌వేర్, కోడలు నర్సు. మనవరాలికి ఐదేళ్లు. మొన్న క్రిస్మస్ వారంలో మా చర్చి పిల్లల కార్యక్రమానికి దానికి దేవదూత వేషం ఇచ్చారు. కోడలికి ఆ సాయంత్రం డ్యూటీ. “మావయ్యగారూ, రెక్కలు జారిపోతే వెనకాల పిన్ను పెట్టండి. వాళ్ల నాన్న టైముకి వచ్చేస్తానన్నారు” అని చెప్పి వెళ్లింది.

కార్యక్రమం జరిగే అద్దె హాలు మెట్ల దగ్గర మేమిద్దరం ఉండగా అబ్బాయి ఫోన్ చేశాడు. “నాన్నా, ఇక్కడ పని తెగడం లేదు. దారిలో ఉన్నానని చెప్పు దానికి. లేకపోతే స్టేజీ ఎక్కదు.”

నేను చెప్పాను. ఆలోచించను కూడా లేదు. “నాన్న దారిలో ఉన్నాడంట తల్లీ.”

“దారిలో ఎక్కడ?”

“గచ్చిబౌలి దగ్గర.”

“సిగ్నల్ ముందా, సిగ్నల్ దాటాడా?”

“దాటాడు.”

అది వేళ్లు మడిచింది. “అయితే ఈ పాట, ఇంకో పాట, తర్వాత అన్నయ్యల డాన్సు. అప్పటికి వచ్చేస్తాడు. మా వంతు ఆ తర్వాతే.”

ఆ మడిచిన వేళ్లు చూడగానే నాకు మా చెల్లె గుర్తుకొచ్చింది. ఐదు కొనలు లెక్కపెట్టిన వేళ్లు అవే. నేను మెట్టు మీద కూర్చున్నాను.

“తల్లీ, నాన్న ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు. తాత అబద్ధం చెప్పిండు.”

“ఎప్పుడొస్తాడు?”

“నాకు తెల్వదు.”

అది ఏడవలేదు. రెక్కలు ఊడదీసి నా ఒళ్లో పెట్టి, పక్కన కూర్చుంది. వాళ్ల టీచరమ్మ వచ్చి “ఏంటి తాతగారూ, దేవదూతల వంతు వచ్చేసింది, పంపండి” అంది. “ఆమె లేస్తే వస్తదమ్మా” అన్నాను. అది లేవలేదు. లోపల దేవదూతల పాట మొదలయ్యింది, అయిపోయింది, చప్పట్లు కూడా అయిపోయాయి. నిజం చెబితే అంతా చక్కబడుతుందని ఎక్కడో ఆశ ఉండింది నాకు. చక్కబడలేదు. నేను చేయగలిగింది ఏమీ లేదు, ఆ మెట్టు మీద నుంచి లేవకుండా ఉండటం తప్ప.

లోపల కుర్చీలు మడతపెడుతున్న చప్పుడు వినబడే వేళకు గేటు దగ్గర అబ్బాయి కనిపించాడు. మనవరాలు నా ఒళ్లో ముఖం పెట్టుకుని ఉంది. “నాన్న వచ్చిండు” అన్నాను. వెంటనే తల ఎత్తింది. నిజమా అని అడగలేదు. ఇంకెవరి ముఖమూ చూడలేదు. లేచి పరుగెత్తింది.

అబ్బాయి దాన్ని ఎత్తుకుని నా ముందుకు వచ్చి తల దించుకున్నాడు. వాడిని ఏమైనా అనే అర్హత నాకు లేదు. “నీకు నేను చెప్పిన అబద్ధమే రా అది. ఎన్నిసార్లు చెప్పానో” అన్నాను.

“తెలుసు నాన్నా,” అన్నాడు. “ఫోన్లో టీ కొట్టు గిన్నెల చప్పుడు వినబడేది.”

ఇన్నేళ్లూ వాడికి తెలుసు. నాకే తెలియదు, వాడికి తెలుసని.

మా చెల్లె ఇప్పుడు మియాపూర్‌లో ఉంటుంది. ఆ గడప, ఆ సాయంత్రం తనకు గుర్తు లేవంటుంది, నవ్వుతుంది. తనకు గుర్తు లేనంత మాత్రాన నా తప్పు తీరిపోయిందని అనుకోను. ఇప్పటికీ పిల్లలు “ఎప్పుడొస్తారు?” అని అడిగితే నా నోటికి ముందు వచ్చేది అబద్ధమే. అది నాలుక చివరి దాకా వస్తుంది. అప్పుడు నా ఎడమ మణికట్టు మీద మా తాత చెయ్యి బిగుసుకుంటుంది. తెలియదని చెప్పి పక్కన కూర్చుంటాను. వాళ్లు లేచేదాకా లేవను.