శాలువాల పాలైన సినిమా

నేను రిటైరయ్యే ముందటి వేసవిలో, రాజమహేంద్రవరంలో సమాచార శాఖ అధికారిగా ఉండగా, ఒక విదేశీ అతిథి బాధ్యత నాకు అప్పగించారు. సభల్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరి తరువాత ఎవరు మాట్లాడాలి అన్నది చూడటం మా పని. దాన్ని ప్రోటోకాల్ అంటాం. మా ఊళ్ళో అది కత్తి మీద సామే.

అతిథి పేరు వదీదా. ఒకప్పుడు ఈజిప్టు సినిమాల్లో పెద్ద తార. కైరోలో గుంపు నర్తకిగా మొదలై హీరోయిన్ అయ్యారు. జనం ఆవిడ డాన్సు కోసమే వచ్చేవారు. దానికి విసిగిపోయి ఒక్క సినిమాలో పత్తి కూలీగా నటించారు. చివరి సన్నివేశంలో ఆ కూలీ భూస్వామికి ఎదురు నిలిచి మాట్లాడుతుంది. అది అక్కడి ప్రభుత్వానికి నచ్చక, విడుదలైన కొద్ది రోజులకే సినిమా ఆపేశారు. పొరుగు దేశంలో షూటింగులో ఉన్న వదీదా గారు దాన్ని చూడనేలేదు. ఇన్నేళ్ళకు పాత ప్రతి దొరికితే బాగుచేశారు. ఈలోగా ఆవిడకు ఎనభై దాటాయి, చూపు మసకబారుతోంది. ఇంట్లో టీవీలో కాదు, హాల్లో జనం మధ్య చూస్తానని ఆవిడ పట్టుబట్టారు. మన దేశంలో మిగతా ఊళ్ళ వాళ్ళు డాన్సు సినిమాలు అడిగితే, మా ఊరి ఫిలిం సొసైటీ ఒక్కటే ఇది అడిగిందట. అందుకే వచ్చారు.

థియేటర్ మాకు మ్యాట్నీ దాకానే ఇచ్చారు. ముందు సినిమా, తరువాత సన్మానం అని నేను రాసిచ్చాను. సొసైటీ అధ్యక్షుల వారు కొట్టిపారేశారు. "సినిమా వేశాక ఎవరుంటారండీ? సన్మానం ముందే కానిచ్చేద్దామండి" అన్నారు. ఆహ్వాన పత్రికలో పేరు లేని పెద్దమనిషి ఒకాయన ఫోన్ చేసి, "మమ్మల్ని మర్చిపోయారేంటండీ?" అని అలిగారు. ఆయన్నీ వేదిక ఎక్కించాం. ఆయన్ని చూసి మరో ఇద్దరు ఎక్కారు.

మాట్లాడిన ప్రతివారూ ఆవిడ డాన్సునే పొగిడారు. ఒక్కరూ ఈ సినిమా మాట ఎత్తలేదు. ఒకాయన నైలు నదినీ గోదావరినీ అక్కాచెల్లెళ్ళని చేసి, పోలవరం దాకా వెళ్ళి మరి తిరిగి రాలేదు. ముగించమని చీటీలు పంపాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆ ఉక్కలో ఆవిడ భుజాల మీద శాలువా మీద శాలువా కప్పుతూనే ఉన్నారు. పక్కన కూర్చున్న దుబాసీ ద్వారా ఆవిడ రెండుసార్లు అడిగారు, సినిమా ఎప్పుడని. "రెండు నిమిషాలండీ" అన్నాను. మా ఊళ్ళో ఆ మాటకు అర్థం ఏమిటో ఆవిడకు ఎలా తెలుస్తుంది?

ఎట్టకేలకు దీపాలు ఆరాయి. శాలువాలన్నీ పక్కన పెట్టి, ఆవిడ ముందు వరుసలో మెడ చాచి కూర్చున్నారు. వక్తల్లో చాలామంది అప్పటికే భోజనాలకు వెళ్ళిపోయారు. తెరమీద కూలీ భూస్వామి గుమ్మం ఎక్కుతుండగా థియేటర్ వాళ్ళు సినిమా ఆపేశారు. బయట మ్యాట్నీ జనం తలుపులు బాదుతున్నారు. ఇంకొంచెం సేపు ఆగమని మేనేజరును బతిమాలాను. "టిక్కెట్లు కొన్నారండీ, అద్దాలు పగలగొట్టేస్తారు" అన్నాడు. అతన్ని అనడానికేముంది? నాకు ఒళ్ళు మండింది, సిగ్గూ వేసింది.

మధురపూడి విమానాశ్రయానికి వెళ్తూ కారులో ఆవిడ ఒక్కటే మాట అన్నారు. దుబాసీ తటపటాయించి తెలుగులో చెప్పాడు: "మా దేశంలో ఈ సినిమా ఆపడానికి ఒక ప్రభుత్వం కావలసి వచ్చింది. మీకు శాలువాలు సరిపోయాయి."

ఆ చలికాలం ఆవిడకు చూపు పూర్తిగా పోయిందని తెలిసింది.

సర్వీసు ముగిసేదాకా నేను చూసిన ప్రతి సభలోనూ అసలు పని ముందు, సన్మానం చివర పెట్టించాను. పెద్దలు చాలామంది రావడం మానేశారు, సభలు వేళకు ముగిశాయి. ఆ రోజు వేదిక మీద ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో నేను ఇప్పటికీ వరుసగా చెప్పగలను. గుమ్మం ఎక్కిన ఆ కూలీ ఏం మాట్లాడిందో మాత్రం నాకు తెలియదు.