నేను తాపిన బెల్లం పానకం

ఎల్లారెడ్డి ఊరి బడిలో పిల్లలకు ఆరోగ్యపాఠాలు చెప్పేవాణ్ణి. ఆ మాత్రానికే సగం డాక్టరునయ్యానని నా నమ్మకం. ఆ ఎండాకాలం మా మేనత్త మా ఇంట్లో ఉంది. అరవై దాటిన మనిషి, షక్కర్ బీమారీ, అంటే చక్కెర జబ్బు. కాలి మీద లేచిన పుండు మానలేదు. నాలుగు రోజులుగా చెంబుల కొద్దీ నీళ్ళు తాగుతోంది, మాటిమాటికీ పెరట్లోకి వెళ్తోంది.

"దూప ఆగుతలేదు బిడ్డా," అంది.

వడదెబ్బ అని తేల్చేశాను. బెల్లం పానకం కలిపి ఇచ్చాను.

"బెల్లం గూడ షక్కరే గదరా?"

"షక్కర్ వేడి అత్తా, బెల్లం చలువ," అని పాఠం చెప్పి మరీ తాగించాను. చదువుకున్నవాణ్ణని నమ్మి తాగింది.

మరునాడు పొద్దున్నే ఇంకో చెంబెడు ఇచ్చాను. కాసేపటికి ఆమె మాట ముద్దయింది. తర్వాత పిలిచినా కళ్ళు తెరవలేదు. నేను విసనకర్ర పట్టుకుని కూర్చునే ఉన్నాను. మా ఆవిడే పరుగెత్తి కామారెడ్డి బస్సును ఆపించింది. దారిలో తాడ్వాయి దాటినా అత్త పలకలేదు.

దవాఖానాలో డాక్టరు ఆమె మూత్రం చుక్కలు నీలంరంగు మందులో వేసి దీపం మీద కాచాడు. నీలం కాస్తా ఇటుకరంగుకు తిరిగింది, అంటే షక్కర్ బాగా ఎక్కువైందన్నమాట. అప్పుడప్పుడే మావైపు దొరుకుతున్న ఇన్సులిన్ సూది వేసి, నరంలోకి ఉప్పునీళ్ళు ఎక్కించాడు.

"ఒళ్ళంత ఎండిపోయింది. ఏం తాపిండ్రు?"

"బెల్లం పానకం."

"ఎవలు?"

"ఇంట్లోళ్ళు," అన్నాను.

డాక్టరు మా ఆవిడను గట్టిగా మందలించాడు. ఆమె నా ముఖం చూసి, వెళ్ళి అత్త పక్కన కూర్చుంది. నేను మందుసీసాల మీది పేర్లు చదువుతూ నిలబడ్డాను.

కొన్ని గంటలకోసారి మూత్రం కాచి చూస్తూ, సూది వేస్తూ వచ్చారు. నిజం చెప్పాలని మూడుసార్లు లేచాను. మూడుసార్లూ డాక్టరు పనిలో ఉన్నాడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం అత్త కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. నేను గ్లాసు అందుకున్నాను.

"వీని చేతిది వద్దు. గా పానకం తాపింది వీడే," అంది డాక్టరుతో.

డాక్టరు అప్పటికప్పుడే తనను క్షమించమని మా ఆవిడను అడిగాడు. నాకు ఆ మాట నోట్లోంచి రావడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

పుండు మానాక ఇంటికి పంపుతూ, సూది వేయడం డాక్టరు మా ఆవిడకు నేర్పాడు. నేనూ నేర్చుకుంటానన్నాను.

"మీరు సూది ఉడకబెట్టుండ్రి సారూ, చాలు," అన్నాడు.

అత్త ఇంకో నాలుగేళ్ళు బతికింది. అన్నాళ్ళూ ఆ పని శ్రద్ధగా చేశాను.