మగ్గం గుంతకు కొట్టిన కొబ్బరికాయ

గద్వాలలో పరువు పోగొట్టుకున్న నేతగాళ్లు చాలామందే ఉండవచ్చు. కొబ్బరికాయ కొట్టి, బెల్లం పంచి, నలుగురిని పిలిచి మరీ పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి.

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులు. మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి గట్టు మీద కూర్చొని నేయాలి. ఆ గుంత ఏ కాలంలోనైనా నీళ్ల కుండలా చల్లగా ఉంటుంది. ఈ ముక్క మీరు గుర్తుంచుకోండి, నేనైతే మరిచిపోయాను.

ఆ చలికాలం నా భార్య సరోజ వంట మధ్యలో లేచి వచ్చి, నన్ను పక్కకు జరిపి, మగ్గం దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. రోజుకు నాలుగైదుసార్లు. ముఖం ఎర్రగా, నుదుటి నిండా చెమట. పలకరిస్తే కసిరేది. నేను మహా తెలివైనవాణ్ణి కదా, వెంటనే అర్థం చేసుకున్నాను. ఇరవై ఏళ్లు నాకు నూలు కండెలు చుట్టిచ్చిన మనిషికి ఇప్పుడు నేత మీద మనసైంది, అడగడానికి సిగ్గుపడుతోంది.

వారంలో పెళ్లి చీర ఇవ్వాలి. నూలిచ్చి నేయించే షావుకారు రోజూ మనిషిని పంపుతున్నాడు. అయినా భార్య ముచ్చట కాదంటామా? శుక్రవారం ఆమె వచ్చి కూర్చోగానే పక్కింటివాళ్లను, ఆమె అక్కను పిలిచి, మగ్గానికి కాయ కొట్టి, బెల్లం పంచుతూ, అడ్డపోగు నేసే నాడెను సరోజ చేతికిచ్చాను.

"తీస్కో సరోజా. నువ్వెట్ల నేస్తవో నలుగురు సూడని."

"నేనెప్పుడు నేస్తనన్న?"

"మరి రోజు ఈడెందుకు కూసుంటున్నవ్?"

"గుంత సల్లగుందని. ఒళ్లంత సెగలొస్తున్నయ్, నిద్ర లేదు. ఏం రోగమొచ్చిందో అని నేను పరేషానైతుంటే నువ్వు కాయ కొడ్తున్నవా?"

చేతిలోని బెల్లం ముక్క కింద పెట్టేశాను. నిజంగా సిగ్గేసింది. అంత భయం లోపల దాచుకున్న మనిషిని నేను ఒక్క మాటైనా అడగలేదు.

వాళ్లక్క నవ్వాపుకుంటూ అంది, "రోగం కాదు మరిదీ. ముట్టు ఆగే వయసుల నాకు గిట్లనే అయింది. దవాఖానకు తీస్కపో."

డాక్టరమ్మ కూడా పరీక్ష చేసి అదే చెప్పింది. "ఈ వయసుల శానామందికి గిట్లనే ఆవిర్లొస్తయ్ అమ్మా. చాయ్, కారం తగ్గించు. పల్చటి నూలు చీరలు కట్టుకో, పొద్దున జర నడువు. అయినా తగ్గకుంటే రా, మందులున్నయ్. ఇంట్ల సల్లగ కూసోనీకి జాగ ఉందా?"

సరోజ నా వైపు చూసింది. "ఉంది మేడమ్. కాకపోతే ఎప్పుడు సూసినా అండ్ల ఈయనే కూసుంటడు."

పెళ్లి చీర నాలుగు రోజులు ఆలస్యమైంది. ఎందుకని షావుకారు అడిగితే గుంత ఖాళీ లేదన్నాను. ఆనాడే మగ్గం మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను: మనిషి ఎందుకు కూర్చుందో అడిగి తెలుసుకోకుండా, ఈ జన్మలో మళ్లీ కొబ్బరికాయ కొట్టను.