అలారం మోగలేదు గదా

మా అబ్బా, అంటే నాన్న, మిర్చి కోల్డ్ స్టోరేజీలో మెకానిక్. అక్కడి అలారం నడిపే సాఫ్ట్‌వేర్ మాది. మాదంటే, నరసరావుపేటలో సెల్‌ఫోన్ల షాపు పైన నలుగురం కూర్చునే కంపెనీది. దాన్ని పరీక్షించడం నా పని.

కస్టమర్ ఏమడిగాడు, దానికి ఏ కోడ్ రాశాం, ఏ టెస్టుతో సరిచూశాం, ఈ మూడింటినీ కలిపి చూపించడాన్ని ట్రేసబిలిటీ అంటారు. ఆ చాకిరీ నేనే చేసేదాన్ని. ఈ సీజన్‌లో కొత్త వెర్షన్‌కి మా సార్ దాన్ని ఒక టూల్‌కి అప్పజెప్పాడు. క్షణాల్లో, అన్నీ సరిపోయాయన్నట్టు స్క్రీనంతా పచ్చబడింది. "చూశావా, ఒక్క ఎరుపన్నా ఉందా?" అని సంబరపడిపోయాడు. పంచదార అని రాసి కాగితం నాకితే తీపవుతుందా సార్ అన్నాను. నా నోరు మంచిది కాదని మా ఇంట్లోనూ అంటారు.

వెర్షన్ కోల్డ్ స్టోరేజీలో పెట్టేశాక, ఉండబట్టలేక టూల్ కలిపిన ఒక లింకు తెరిచాను. 'అమోనియా లీకైతే అలారం మోగాలి' అన్నది కస్టమర్ అడిగిన మాట. దానికి టూల్ తగిలించిన టెస్టు, 'తలుపు తెరిచి ఉంటే అలారం మోగాలి'. రెండు వాక్యాలూ దగ్గరగా ఉన్నాయని ముడేసేసింది. అంటే గ్యాస్ సంగతి ఈసారి ఎవరూ పరీక్షించలేదు. గదుల్ని చల్లబరిచే ఆ గ్యాస్ పైపులు బాగుచేసేది మా అబ్బానే. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను.

"ఏందమ్మా, ఊరికే కంగారుపడతావు," అంటున్న సార్‌ని బండి తీయమని అరిచాను. దారంతా యా అల్లా, యా అల్లా అనుకుంటూనే ఉన్నాను.

అబ్బా గేటు దగ్గర టీ తాగుతున్నాడు. ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది.

"ఫోనెందుకు ఎత్తవు?"

"లోపలున్నా బేటీ. ఆడ సిగ్నలేడుంది?"

విషయం చెప్తే, చలిగది దాకా తీసుకెళ్లి, ఒక గుడ్డని కాస్త అమోనియాలో తడిపి గుమ్మం పక్కనున్న సెన్సర్ దగ్గర పట్టాడు. సెన్సర్ లైటు వెలిగింది. అలారం మోగలేదు. సార్ వెళ్లి గది తలుపు తెరిచాడు. చెవులు చిల్లులు పడేలా మోగింది.

"వాసన తెలీదా అబ్బా?"

"ఇన్నేళ్లు పీల్చిన ముక్కులు, ఎప్పుడో మొద్దుబారినయ్. అలారం మోగలేదు గదా, గ్యాసు లేదులే అనుకునే పోతన్నాం. ఇప్పుడు ఉందో లేదో ఎవరికి తెలుసు?"

అంటూనే ముఖానికి తువ్వాలు చుట్టుకుని కదిలాడు. చొక్కా పట్టుకుని లాగాను.

"హమాలీలున్నారు లోపల. పిలవద్దా?" అన్నాడు.

"తలుపు తెరిచే ఉంచండి సార్, మోగనివ్వండి, వాళ్లే వస్తారు!" అని అరిచాను.

"రారు బేటీ. ఎవడో తలుపు మూయలేదనుకుంటారు," అని నా చేయి విడిపించుకుని అబ్బా ఆ చలిలోకి వెళ్లిపోయాడు.