చదివినవాళ్ళు బండెక్కాలి

అమ్మ నా తలకి ఆముదం పెడుతోంది. పొద్దున పేపర్లో నా నంబరు పడింది. నేను బి.ఎస్సీ. పాసయ్యాను. మా ఇంట్లో నాకు ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. ఈ కబురు వీధి మొత్తానికీ చెప్పేశాను, పాలు పోసే ఆవిడకి రెండోసారి కూడా చెబితే ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళింది. శుభవార్త విన్న రోజు తలంటుకోవాలని అమ్మ పట్టు. గోరువెచ్చటి ఆముదం మాడు మీద పడి, ఆ వాసన ముక్కుకి తగలగానే నా కుడికాలు దానంతటదే నేలని గట్టిగా నొక్కింది. ఒళ్ళు బిగుసుకుపోయింది.

“ఏమే, అట్టా కొయ్యబారిపోయావు?” అంది అమ్మ.

“ఏం లేదమ్మా. బ్రేకు నొక్కాను.”

ఈ కబురు అందరికంటే ముందు వినవలసిన మనిషి పోయినేడు పోయారు. ఆవిడ సుభద్రమ్మ గారు. చిలకలూరిపేటలో అందరికీ పెద్ద డాక్టరమ్మ. పొడుగ్గా, బొంగురు గొంతుతో, ఎప్పుడూ ఎవరినో కోప్పడుతున్నట్టు ఉండేవారు. ఎస్సెస్సెల్సీ అయ్యాక నేను ఆవిడ ఆసుపత్రిలో చీటీలు రాసే పనిలో చేరాను. నాన్న జిన్నింగు మిల్లులో పత్తి మోసేవాడు. పై చదువు మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పేషెంట్లు రోగానికి ఎంత భయపడేవాళ్ళో నేను ఆవిడ గొంతుకి అంత భయపడేదాన్ని.

ఆవిడకి ఒక పెద్ద నల్ల కారుండేది. ఒక జమీందారు గారింట్లో సామానంతా అమ్మేస్తుంటే కొన్నారు. తోలు సీట్లు, లోపలంతా నున్నటి చెక్క పని, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినంత చప్పుడు. అందం అంతా అదే. ఇంగ్లండు నించి వచ్చి, అప్పటికే పాతబడిపోయిన సీమ బండి. పల్లెల్లో కాన్పులకి వెళ్ళడానికి ఆవిడకి అదే దిక్కు. అది మొరాయిస్తే పిలిపించిన లారీ మెకానిక్కు మస్తాన్ దాని చుట్టూ ఒకసారి తిరిగి చేతులు తుడుచుకున్నాడు.

“లారీ అయితే సుత్తితో నచ్చజెప్తానమ్మగారూ. ఇది జమీందార్ల ఇంట్లో పెరిగింది. నా మాట వినదు.”

“నా మాట వింటుందిలే. నువ్వు పానాలు తెచ్చివ్వు,” అన్నారావిడ.

బండి డిక్కీలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటుంది. రిపేరు చేసేవాళ్ళ కోసం కంపెనీవాళ్ళు వేసింది. ఏ నట్టు ఎటు తిప్పాలో, ఏది విప్పితే ఏది ఊడుతుందో బొమ్మలతో సహా ఉండేది. ఆదివారం మధ్యాహ్నం డాక్టరమ్మ గారు పాత చీర కట్టుకుని బండి కిందికి దూరేవారు. వెల్లకిలా పడుకుంటే కళ్ళద్దాలు జారిపోతాయి, తీసేస్తే అక్షరం కనబడదు. అందుకని చదివే పని నా మీద పడింది. పేజీ చివరి లైను దాకా చదివి తెలుగులో చెబితేగాని ఆవిడ పానా పట్టేవారు కాదు. అయితే నన్ను హడలగొట్టిన నియమం అది కాదు, రెండోది. రిపేరయ్యాక బండిని రోడ్డెక్కించి చూసేటప్పుడు, పుస్తకం చదివినవాళ్ళు ముందు సీట్లో కూర్చోవాలి.

మొదటిసారి నేను వెనక్కి తగ్గాను. “నాకెందుకండీ, మీరు చూసొస్తారుగా.”

“మందు రాసేది నేను, మింగేది ఇంకొకళ్ళు. రాసేటప్పుడు నాకెట్టా ఉంటుందో నీకూ తెలియాలి. చదివినవాళ్ళు బండెక్కాలి. ఎక్కు.”

ఎక్కాను. తిరిగొచ్చేదాకా తలుపు పిడి వదల్లేదు. ఆ తర్వాత ఆ పుస్తకాన్ని ప్రతి మాట కిందా వేలు పెట్టి చదివాను. బళ్ళో తప్పు చదివితే బెత్తం దెబ్బతో పోయేది. ఇక్కడ చక్రమే ఊడిపోతుంది. తెలియని మాటకి నిఘంటువు చూసి, నిఘంటువు చెప్పింది కూడా నమ్మకం కుదరక మళ్ళీ చదివేదాన్ని.

ఒక ఆదివారం బ్రేకు మెత్తబడింది. తొక్కితే కాలు నేలదాకా దిగిపోతోంది. మస్తాన్‌ని పిలిచి పెడల్ దగ్గర కూర్చోబెట్టి, ఆవిడ వెనక చక్రం పక్కన కూర్చున్నారు. నేను పేజీ తీశాను. అందులో “బ్లీడ్” అని ఉంది. నిఘంటువులో చూశాను. మళ్ళీ చూశాను.

“బ్రేకులకి నెత్తురు తియ్యమంటున్నాడండీ.”

మస్తాన్ కాలు పెడల్ మీంచి తీసేశాడు. “నే ముందే చెప్పానమ్మగారూ, ఇది బండి కాదని.”

డాక్టరమ్మ గారు నవ్వలేదు. కింద ఏముందో చదవమన్నారు. గొట్టం పెట్టడం, సీసాలోకి నూనె వదలడం, బుడగలు ఆగేదాకా చూడడం, అంతా విన్నారు. “సూది మందు ఎక్కించేముందు సిరంజి పైకెత్తి ఏం చేస్తాం?”

“ఒక చుక్క బయటికి పోనిస్తామండీ. గాలి పోవడానికి.”

“అంతే. నరంలో గాలి మనిషికి పనికిరాదు, దీనికీ పనికిరాదు. సెలైను గొట్టం, ఖాళీ మందు సీసా పట్రా.”

మస్తాన్ తొక్కుతుంటే సీసాలో బుడగలు తేలాయి. ఆఖరి చక్రం దగ్గరికొచ్చేసరికి బ్రేకు ఆయిల్ డబ్బా అయిపోయింది. గొట్టంలో మళ్ళీ గాలి, కాలి బ్రేకు లేనట్టే. సరిగ్గా అప్పుడే మా బావ తమ్ముడు సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చాడు. అక్కకి పొద్దుటినించీ నొప్పులట. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిందట. అక్క అత్తారి ఊరు వాగు దాటి అవతల. లారీలన్నీ పత్తి బేళ్ళతో గుంటూరు పోయాయి. ఆయిల్ కూడా గుంటూరులోనే దొరుకుతుంది.

మస్తాన్ ఖాళీ డబ్బా వాసన చూశాడు. “ఇది ఆముదం కాదుటమ్మగారూ? చూడండి. వంటింట్లో ఉన్నది పోస్తే పోలా?”

డాక్టరమ్మ గారూ వాసన చూశారు. నాకూ చూపించారు. ఆముదమే. తలకి పెట్టుకునే ఆముదం వాసనే. అక్క నా కళ్ళముందు మెలికలు తిరుగుతోంది. ఆవిడ నా వైపు చూసి, “పేజీ అయిపోయిందా?” అన్నారు.

కాలేదు. అడుగున చిన్న అక్షరాలు మిగిలాయి. చదివాను. కంపెనీ చెప్పిన ఆయిల్ తప్ప ఇంకే నూనె పోసినా బ్రేకులు పట్టెయ్యవచ్చు, లేదా అసలు పట్టకపోవచ్చు అని ఉంది. ఇది చెబితే ప్రయాణం ఆగిపోతుంది. అయినా చెప్పాను.

“చెయ్యి బ్రేకు సంగతి ఏం రాశాడు?”

వెతికాను. అది నూనె మీద నడవదు, ఇనప తీగతో వెనక చక్రాలని పడుతుంది. బండి నిలిపి ఉంచడానికి మాత్రమే అని కూడా ఉంది. అదీ చదివాను.

“సరే. గేరులో నెమ్మదిగా పోదాం. నేను లాగమన్నప్పుడు అది లాగేది నువ్వు,” అన్నారు.

మస్తాన్ తన షెడ్డులోంచి లారీ చక్రాలకి పెట్టే అడ్డు దిమ్మ తెచ్చుకుని ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు. “ఆముదమన్నది నేను. నేనూ ఎక్కాల్సిందేగా.”

మిరప చేల మధ్య బండి నత్తలా పోయింది. వాగులోకి దిగే ఏటవాలు వచ్చేసరికి చెయ్యి బ్రేకు పట్టుకుని కూర్చున్నాను. కింద నీళ్ళలో ఒక ఎద్దుబండి అడ్డంగా దిగబడి ఉంది. “లాగు,” అన్నారు. రెండు చేతులతో లాగాను. బండి మందగించింది గాని ఆగలేదు. “ఇంకా లాగవే,” అంటున్నారు. నా కుడికాలు లేని బ్రేకుని తొక్కుతోంది. ఎద్దుల కొమ్ములు అద్దంలోకి వచ్చేస్తున్నాయి. మస్తాన్ దూకి చక్రం ముందు దిమ్మ విసిరాడు. బండి ఒక్క ఊపు ఊగి నిలిచిపోయింది.

ఎద్దుబండిని పక్కకి తోయించి వాగు దాటాం. పొద్దు వాలకముందే అక్కకి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బతికారు. డాక్టరమ్మ గారు గోలెం దగ్గర చేతులు కడుక్కుంటుంటే నేను నీళ్ళు పోశాను. ఆవిడ చేతిలోంచి సబ్బు రెండుసార్లు జారింది. అది నేను అంతకుముందు చూడలేదు.

“భయమేసిందా?”

“వేసిందండీ.”

“నాకు ప్రతి కాన్పుకీ వేస్తుంది. చెంబు సరిగ్గా పట్టుకో.” రెండో చెయ్యి చాపి మళ్ళీ అడిగారు. “ఆ చిన్న అక్షరాలు వదిలేస్తే నాకు తెలిసేది కాదు. వదిలెయ్యాలనిపించిందా?”

“అనిపించిందండీ.”

“మరి?”

“నేనూ ఎక్కాలి కదండీ.”

ఆవిడ నవ్వారు. బొంగురుగా, చాలాసేపు. చేతులు తుడుచుకుంటూ, “మీ నాన్నని రేపు రమ్మను. నిన్ను కాలేజీలో వెయ్యాలి,” అన్నారు.

ఇవాళ పొద్దున పేపర్లో నా నంబరు చూడగానే నేను అరవలేదు. కింద ఫలితాలు నిలిపి ఉంచిన నంబర్లు చిన్న అక్షరాల్లో ఉన్నాయి. చివరి లైను దాకా వేలు పెట్టి చదివాను. నా నంబరు అక్కడ లేదు. అప్పుడు అమ్మని పిలిచాను.

డిగ్రీ వస్తే కనిగిరి బళ్ళో పంతులమ్మగా తీసుకుంటామన్నారు. అమ్మ కూడా నాతో వస్తోంది. పేట దాటి ఎప్పుడూ పోని మనిషి. బస్సు బోర్డు చదివేది నేను, ఎక్కేది ఇద్దరం. తలలో అమ్మ వేళ్ళు ఆగాయి.

“ఆ కనిగిరి బస్సుకి బ్రేకులు బాగుంటాయంటావా?”

“బాగుంటాయిలే అమ్మా,” అన్నాను. పీట కింద నా కుడికాలు మళ్ళీ నేలని నొక్కింది.